కళ్ళకద్దుకోకూడని తుపాకి

ఎన్నికలు వచ్చాయంటే మా వైపు లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. ఓట్ల లెక్కింపు అయిపోయి, గెలిచినవాళ్ళు ఊరేగి, ఓడినవాళ్ళు చల్లబడ్డాక వెళ్ళి తెచ్చుకోవాలి. మొన్న నేను కూడా నా తుపాకిని సంచిలో పెట్టుకుని వరసలో నిలబడ్డాను. నా ముందున్నాయన తన తుపాకిని బల్లమీద పెట్టబోతూ ఒక్క క్షణం ఆగాడు. బిడ్డను హాస్టల్లో దించి వస్తున్నంత దిగులుగా దాన్ని రెండు చేతులా ఎత్తి, గొట్టాల మూతులు నుదుటికి ఆనించి, భక్తిగా కళ్ళకద్దుకున్నాడు.

"మూతి నేలకు పెట్టప్పా" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, స్టేషనంతా నా వైపు తిరిగింది. ఆయన బిత్తరపోయి గొట్టాలు దించాడు. లోపల ఏమీ లేదులే అన్నా, అన్నాడు. తెరిచి చూశావా అని నా నోరు దానంతటదే అడిగింది.

ఆ మాటలు నావి కావు. మడకశిర పక్క పల్లెలో ఒక పెద్దాయన దగ్గర నాకు అంటుకున్నవి. ఆయన పేరు ఇక్కడ రాయను. ఇలా ఒకటి రాస్తానని ఎప్పుడో అంటే, నా పేరెందుకప్పా, తుపాకి నంబరు రాయి చాలు అన్నాడు. నంబరు రాయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి రెండూ మానేశాను.

నాది పామిడి దగ్గర నాలుగెకరాల వేరుశనగ. వాన రాకపోతే పంట రాదు, వాన వస్తే అడవి పందులు వస్తాయి. రెండు నెలలు కళ్ళల్లో పెట్టుకుని పెంచిన చేనును అవి ఒక్క పూటలో దున్నేసి పోతాయి. డబ్బాలు కొట్టాను, చీరలు కట్టాను, టేపులో పులి అరుపులు పెట్టాను. పులి అరుపులకు మా ఊరి కుక్కలు భయపడ్డాయి గానీ పందులు భయపడలేదు. గాల్లో పేల్చి బెదరగొట్టడానికి ఒక తుపాకి ఉంటే చాలనుకుని లైసెన్సుకు అర్జీ పెట్టాను. అది చేతికి రావడానికి మూడేళ్ళు పట్టింది. తీరా వచ్చాక చూస్తే, ఫలానా తేదీలోగా తుపాకి కొనకపోతే ఆ కాగితం చెల్లదని రాసి ఉంది. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. తేదీకి ఇక నెల రోజులుందనగా, మడకశిర పక్క ఒకాయన దగ్గర దొరల కాలం నాటి జోడు గొట్టాల తుపాకి ఉంది, ఏళ్ళ తరబడి అమ్ముతున్నాడు, కానీ అమ్ముడుపోవడం లేదు అని ఎవరో చెప్పారు. ఎందుకు అమ్ముడుపోవడం లేదో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన రేకుల వసారాలో గోడవారగా కూర్చుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి, తెల్లటి మీసం, చేతికర్ర. నేను ఎదురుగా కూర్చోబోతే పక్కకు జరగమన్నాడు. ఎవరికీ ఎదురుగా కూర్చోకపోవడం, ఎవరినీ తనకెదురుగా కూర్చోనివ్వకపోవడం ఆయనకు అలవాటని తరవాత తెలిసింది. లోపలికి వెళ్ళి తుపాకి తెచ్చాడు. గొట్టాల పక్క ఇనుముమీద రెండు కౌజు పిట్టలు చెక్కి ఉన్నాయి. ఈక ఈక కనిపిస్తోంది. చూడగానే మనసు పారేసుకున్నాను. చేతిలో పెట్టగానే ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు. మనకు పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటాం, కొత్త కొడవలి కొంటే కళ్ళకద్దుకుంటాం. నేనూ తుపాకిని ఎత్తి కళ్ళకద్దుకున్నాను. అప్పుడు రెండు గొట్టాలూ నా కనుబొమల మధ్య ఉన్నాయి.

ఆయన చేతికర్రతో నా మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. తుపాకి లాక్కుని, మడతబెట్టి తెరిచి, రెండు గొట్టాల్లోంచి ఎండను చూసి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"దేవుడనుకుంటివా దీన్ని?" అన్నాడు. "పో నాయనా, నీకియ్యను."

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చినవాణ్ణి కర్రతో కొట్టి పొమ్మంటాడా అని. పోలేదు, కూర్చున్నాను. బస్సు సాయంత్రానికి గానీ లేదు. లోపలినుంచి ఆయన ఇల్లాలు మజ్జిగ తెచ్చి, ఆయప్ప అందరికీ ఇయ్యను అనే చెప్తాడులే అని నవ్వి వెళ్ళింది. మజ్జిగ గ్లాసు అందుకునేసరికి ఆయన కొంచెం మెత్తబడ్డాడు. సరే, దీని కథ వింటావా అన్నాడు.

అలా మొదలైంది. అమ్మేవాడు సరుకు గొప్పలు చెప్తాడని విన్నాం. ఈయన తుపాకి చేసిన ఘనకార్యాలన్నీ ఒక్కటి వదలకుండా చెప్పాడు. వాళ్ళ తాత దొర దగ్గర కొన్న రెండో ఏడే అది ఎద్దులబండిలోంచి కింద పడి పేలి, ఎద్దు కొమ్ము కొస ఎగరగొట్టింది. ఆ ఎద్దు ఒంటికొమ్ముతో ఇంకా తొమ్మిదేళ్ళు దున్నింది. వాళ్ళ నాయన కాలంలో గోడకు ఆనించిన తుపాకిని పిల్లి తోస్తే పేలి, గుళ్ళన్నీ పొయ్యి మీది సంగటి కుండలోకి పోయాయి. కరువు రోజులు, ఇంటిల్లిపాదీ ఆ సీసపు గుళ్ళు ఏరుకుంటూ ఆ సంగటే తిన్నారు. ఒక్కో కథ చెప్తూ లేచి, ఇదిగో కుండ ఈడ ఉండె, పిల్లి ఆడినించి దూకె అని కర్రతో గీతలు గీసి చూపించేవాడు. కర్ర కొస మాత్రం ఎప్పుడూ నేలకే. నేను ఏదో అడుగుతూ వేలు చూపిస్తే ఆ వేలును కూడా పట్టుకుని కిందికి వంచాడు.

మూడో కథ చెప్పలేదు. దాన్ని వినాలంటే మీ ఇంటామెను తీసుకురా అన్నాడు. ఆడమనిషి ముందర చెప్పకుండా ఇది ఎవరికీ అమ్మనని పట్టు. అంతకుముందు వచ్చినవాళ్ళందరూ అక్కడే జారుకున్నారట. ఒకడైతే, కథలొద్దు పెద్దాయనా, దుడ్లు తీసుకుని తుపాకి ఇయ్యి అన్నాడట. వాడిని అసలు గడప ఎక్కొద్దన్నాడు. వినడానికే ఓపిక లేనోడు తెరిచి చూడ్డానికి ఓపిక పడతాడా అని నన్నే అడిగాడు.

నా భార్యకు తుపాకి మాటే గిట్టదు. పందులు తింటే తిననీ, మనుషులు మిగులుతారు అనేది ఆమె వాదం. నువ్వు వద్దంటే ఆయన ఎలాగూ ఇవ్వడు, ఒకసారి వచ్చి వద్దనే చెప్పు అని బతిమాలి తీసుకెళ్ళాను. అప్పటికి తేదీకి పన్నెండు రోజులుంది.

ఈసారి తుపాకి చేతికివ్వగానే మూతి నేలకు దించి, తెరిచి, గొట్టాల్లోంచి చూశాను. ఆయన కర్ర కదలలేదు. అదే మెప్పు అనుకున్నాను. తరవాత మూడో కథ. వాళ్ళ ఇంట్లో దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు తుపాకిలో తూటాలు వేసే పెట్టేవారు. ఖాళీ ఆయుధాన్ని పూజిస్తే ఇంటికి అరిష్టమని తాతల నాటి నమ్మకం. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు దానిమీద చల్లి, ఆ తరవాత గుట్టవైపు తిరిగి గాల్లోకి రెండూ పేల్చడం ఆచారం. పెళ్ళయిన నాలుగో దసరాకు ఆయనే తూటాలు వేశాడు, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వెనక్కి లాగాడు, పీట మీద పెట్టాడు. ఆయన భార్య వంగి బొట్టు పెడుతుంటే తుపాకి పీటమీద నుంచి జానెడు జారింది. ఎడమ గొట్టం పేలింది. గుళ్ళు ఆమె చెవి పక్కనుంచి పోయి పైరేకును చిల్లి చేశాయి.

చిల్లి ఇంకా ఉంది. దాంట్లోంచి రూపాయి బిళ్ళంత ఎండ నేలమీద పడుతోంది. అది రోటి దగ్గరికొస్తే ఆయన అన్నానికి లేస్తాడట. మూయించలేదా అని నా భార్య అడిగింది. వాన వస్తే గదమ్మా కారేది అన్నాడాయన.

పెద్దమ్మకు ఆ రోజునుంచి ఎడమ చెవి వినిపించదు. మా ఆవిడను కుడివైపు కూర్చోబెట్టుకుని ఆమె హాయిగా నవ్వుతూ చెప్పింది.

"ఆయప్పను ఈ పక్క కూర్చోబెట్టుకుంటా, చెడిపోయిన చెవి పక్క. నలభై ఏండ్లుగా నాకు నెమ్మదిగా ఉండాది."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. రేకు చిల్లివైపు చూస్తున్నాడు. మా ఆవిడకు అది కనిపించింది. మరి దీన్ని మాకెందుకు అమ్మాలనుకుంటున్నారు పెద్దనాయనా, స్టేషన్లో అప్పజెప్పేయవచ్చు కదా అని మెత్తగా అడిగింది.

ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. కంట్లో పొర వచ్చింది, ఈసారి లైసెన్సు తిరిగి రాయరు, అమ్మడమో అప్పజెప్పడమో ఏదో ఒకటి తప్పదు అన్నాడు. అప్పజెప్తే దాన్ని కరిగించేస్తారు.

"కరిగిస్తే కరిగించనీ. కానీ తప్పు యాడుండాదో తెలీకుండానే పోతాదమ్మా" అన్నాడు. "మీట నేను సరిగ్గా లాగలేదేమో. ఎవురికన్నా విప్పి చూపిద్దామంటే, తప్పు నీదే అంటారేమో అని ఇన్నేండ్లూ భయం."

అప్పుడు నాకు ఆయన అర్థమయ్యాడు. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరినీ కథలు చెప్పి తరిమింది తుపాకి మీది ప్రేమతో కాదు. తన చేతిమీద అనుమానంతో. తన చేతిలోని తప్పును ఇంకొకరి ఇంటికి పంపించడానికి ఆయనకు మనసొప్పలేదు. నా నాలుగెకరాలూ, నా తేదీ, నా కౌజు పిట్టలూ ఆ నిమిషంలో చిన్నవైపోయాయి.

వద్దు అని చెప్పడానికి వచ్చిన నా భార్య ఇంకో మాట చెప్పింది. మిస్త్రీకి చూపించండి. బాగుచేస్తే నా ముందర నలభైసార్లు కింద తట్టి చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం అంది. ఆయన ఆమెకు చేతులు జోడించాడు.

మర్నాడు ఆయనా నేనూ అనంతపురం బస్సెక్కాం. తుపాకిని మూడు ముక్కలుగా విడదీసి, దుప్పటిలో చుట్టి, సంచిలో వేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లైసెన్సు ఆయన పేరున ఉంది కాబట్టి నన్ను ముట్టుకోనివ్వలేదు. దారిలో ఒక రైతు డ్రిప్పు పైపు భుజాన పెట్టుకుని ఎక్కాడు. పైపు కొస సరిగ్గా కండక్టరు వైపు ఉంది. పెద్దాయన చూసి చూసి ఆగలేక, లేచి ఆ పైపును బస్సు పైకప్పుకేసి తిప్పాడు. లోపల ఏమీ లేదని నీకెట్ల తెలుసు అని రైతును నిలదీశాడు. పైపులో ఏముంటాది పెద్దనాయనా, నీళ్ళు గూడా లేవు అన్నాడతను. బస్సులో సగం మంది నవ్వారు. పైపు మాత్రం దిగేదాకా పైకే ఉంది.

అనంతపురం పాతూరులో తుపాకులు బాగుచేసే మిస్త్రీ సాయిబు ఆయన ఈడువాడే. తుపాకి చరిత్రంతా విని, కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి, మరలు విప్పి, మీట ఊడదీసి, లోపల సూదితో గీకడం మొదలుపెట్టాడు. పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. సూది కొసకు ఎర్రగా, పచ్చగా, పెంకులాంటిది ఊడి వచ్చింది. ఒకటి కాదు, బఠాణీ గింజంత ముద్ద. సాయిబు దాన్ని కాగితం మీద పెట్టి, వాసన చూసి, మావైపు జరిపాడు.

"ఎన్ని దసరాలు చేసినారు దీనికి?" అన్నాడు.

తాత, నాయన, తను అని పెద్దాయన వేళ్ళు మడిచాడు. లెక్క తేలలేదు. సాయిబు విడమరిచి చెప్పాడు. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు ఏటేటా మీట సందులోంచి లోపలికి దిగి గట్టిపడ్డాయి. మీట వెనక్కి వచ్చినట్టే కనిపిస్తుంది గానీ లోపల ముద్దకు తగిలి ఆగిపోతుంది, పట్టదు. దానికితోడు ఎడమవైపు సుత్తిని ఆపి పట్టుకునే కొక్కెం మొదటినుంచీ పొట్టిగా ఉంది, కాస్త తట్టు తగిలితే జారుతుంది. బండిలోంచి పడ్డా, పిల్లి తోసినా పేలింది అందుకే.

"మీట మీరు సరిగ్గానే లాగినారు భాయ్. తప్పు మీదీ కాదు, అమ్మదీ కాదు" అన్నాడు సాయిబు.

పెద్దాయన ఆ ముద్దను అడిగి తీసుకున్నాడు. పేపరు ముక్కలో పొట్లం కట్టి, చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు. సాయిబు కొత్త కొక్కెం సానబట్టి బిగించడానికి వారం పట్టింది. ఆ వారం నాకు నిద్ర లేదు.

తుపాకి తీసుకుని వాళ్ళింటికి చేరేసరికి తేదీకి ఇంకా మూడు రోజులుంది. నా భార్య ముందే వచ్చి కూర్చుంది. ఆయన మొదట తుపాకి తియ్యలేదు. జేబు గుండీ తీసి, పొట్లం విప్పి, భార్య కుడిపక్కకు వెళ్ళి కూర్చున్నాడు. నీ చెయ్యి జారినందుకు కాదంట, నా చెయ్యి కూడా కాదంట, ఇదంట అని ఆ ముద్ద చూపించాడు.

పెద్దమ్మ ముద్దను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ తప్పు కాదని నేను ఆ దినమే చెప్తి" అంది. "చెవి పోయింది నాకు. వినంది నువ్వు."

అని ఊరుకుందా, ఎంతైనా అమ్మవారి కుంకుమ గదా అని ఆ ముద్దను రెండు కళ్ళకూ అద్దుకుంది. నేను ఆయన వైపు చూశాను. కర్ర ఆయన చేతిలోనే ఉంది. ఎత్తలేదు. కండువాతో ముఖం తుడుచుకుని, నవ్వుతూనే చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ తరవాత పెరట్లో పరీక్ష. సాయిబు ఇచ్చిన తూటాలు ఉత్తివి. మందూ గుళ్ళూ లేవు, అడుగున నిప్పురవ్వ పుట్టించే టోపీ మాత్రం ఉంది. సుత్తి జారితే చిటపటమంటుంది, అంతే. ఆయన వాటిని వేసి, మూతి గుట్టకేసి పెట్టి, వెనక కట్టెను రాతిమీద తట్టడం మొదలుపెట్టాడు. నా భార్య పైకి లెక్కపెట్టింది. నలభై అయ్యాక ఇంకో పది అంది. యాభై అయ్యాక, నాకేసి చూసి, సరే అని తలూపింది. ఆయన చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది, అయినా తనంతట తాను ఇంకో అయిదు తట్టాడు. మర్నాడే కాగితాలు మార్చుకున్నాం. ధర గురించి ఇద్దరం చెరో మాట అన్నాం, రెండూ ఒకటే అయ్యాయి.

పందులు ఆ ఏడు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ గాల్లో పేల్చాను, పోయాయి. పంట చేతికొచ్చింది. తుపాకి కొన్నందుకు నన్ను అభినందిస్తారేమో అనుకుంటే మా ఇంట్లో పేరంతా ఆ పెద్దాయనకే పోయింది.

తుపాకి ఇంటికొచ్చాక మొదటి సోమవారం పొద్దున ఏడింటికి ఆయన ఫోను చేశాడు. ఏమప్పా, అందరూ ఉండారా అన్నాడు. ఉన్నాం పెద్దనాయనా అన్నాను. మీ పక్క మొగులు పట్టిందా అన్నాడు. మబ్బు జాడే లేదన్నాను. అంతే, పెట్టేశాడు. తరవాతి సోమవారం అదే వేళకు అదే ప్రశ్న. ఆ పై సోమవారం కూడా. మొదట్లో విసుక్కున్నాను. ఒకసారి తమాషాకు, అందరూ ఉన్నారు గానీ ఒక పంది తగ్గిందేమో అన్నాను. నేను మనుషుల్ని అడుగుతాండా అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ తమాషా చెయ్యలేదు. రానురాను సోమవారం ఏడింటికి ఫోను దగ్గర నా భార్యే కూర్చునేది. ఇంట్లో ఎవరు జ్వరపడ్డారో, ఎవరు ఊరికెళ్ళారో అన్నీ ఆయనకు అప్పజెప్పేది. అందరూ ఇంటికొచ్చాక చెప్పమ్మా అనేవాడు. మూడేళ్ళలో ఒక్క సోమవారం తప్పలేదు.

పోయినేడాది చలికాలంలో ఒక సోమవారం ఏడైంది, ఏడున్నరైంది. ఫోను రాలేదు. మనమే చేద్దామా అంది నా భార్య. చేస్తే ఎవరు తీస్తారో అని నాకు భయం వేసింది. ఎనిమిదికి మోగింది. ఆయన నంబరే. అవతల పెద్దమ్మ. వినిపించనివాళ్ళు మాట్లాడేంత గట్టిగా మాట్లాడుతోంది.

"నాయనా, అందరూ ఉండారా?"

"అందరమూ ఉండామమ్మా. పెద్దనాయనకియ్యి."

"గట్టిగా చెప్పు నాయనా."

"అందరమూ ఉండాము."

"చల్లగా ఉండండి. ఆయప్ప శుక్రవారం పోయినాడు. పోతాపోతా సోమవారం ఫోను మర్చిపోవద్దని నాకు చెప్పినాడు. నాకు ఈ ఫోను చేసేది రాదు, పక్కింటోళ్ళు లేసి వచ్చేదాకా ఉంటి. ఆలస్యమాయ, ఏమనుకోవద్దు."